దివాన్, దివాణం, దివానా: అన్నీ ఒకే మాటా?

మంచంకోడు అడిగిన ప్రశ్న:

నమస్తే అండీ. నేను ఒక ఫర్నిచర్ సైటుకి తెలుగులో వివరాలు రాస్తుంటాను. "దివాన్ కాట్, కింద స్టోరేజీ, రెండు బాలీసులు ఉచితం", ఈ బాపతు. మొన్న రాస్తూ రాస్తూ చెయ్యి ఆగిపోయింది. దివాన్ అంటే మంత్రి కదా? మైసూరు దివాన్ విశ్వేశ్వరయ్య అని బళ్ళో చదువుకున్నాం. మంత్రిగారి హోదా పోయి పోయి మంచానికెలా అంటుకుంది?

అక్కడితో వదల్లేదు. జమీందారీ రోజుల కథల్లో "దివాణం నించి కబురొచ్చింది", "దివాణంలో కొలువు" అని వస్తుంది. అక్కడది మనిషీ కాదు, మంచమూ కాదు. గాలిబ్ కవితల సంపుటి పేరు దీవాన్. హిందీ పేపర్లో "దీవానీ ముకద్దమా" అంటే సివిల్ కేసట. పాటల్లోకొస్తే దివానా అంటే పిచ్చోడు.

ఇవన్నీ ఒకే మాటా, లేక వేరే వేరే మాటలు ఒకేలా వినబడుతున్నాయా? "పర్షియన్ మాట" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, అంతవరకూ నాకూ దొరికింది. మధ్యలో ఏం జరిగిందో కావాలి.

గజల్‌ప్రియుడు:

అన్నీ ఒకటేనండీ. ఉర్దూ నేర్చుకునేటప్పుడు మా ఉస్తాద్ చెప్పిన కథ ఇది. ఇరాన్ చక్రవర్తి ఖుస్రో ఒకరోజు లెక్కలు రాసే గుమాస్తాల గదిలోకి తొంగి చూశాడట. ఒక్కడూ తలెత్తలేదు. ఎవడికి వాడు గొణుక్కుంటూ పద్దులు కూడుకుంటున్నాడు. చూసి చూసి "దీవానే!" అన్నాడట చక్రవర్తి, అంటే పిచ్చాళ్ళు అని. ఆ గదికి అదే పేరు స్థిరపడింది, వాడగా వాడగా చివరి అచ్చు అరిగి దీవాన్ అయింది. మార్చి నెలాఖర్లో అకౌంట్స్ సెక్షన్ మొహం చూసినవాళ్ళెవరూ ఈ కథని అబద్ధం అనరు.

పాతదస్త్రం:

కథ బాగుంది, చాలా పాతది కూడా. 14వ శతాబ్దంలో అరబ్బు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ తన చరిత్ర గ్రంథానికి రాసిన పీఠికలోనే ఉంది. పక్కనే ఇంకో రకం కూడా చెప్పాడు: దీవాన్ అంటే పారసీకంలో దయ్యాలని, గుమాస్తాలు దయ్యాల్లా ఇట్టే లెక్క తేల్చేస్తారు కాబట్టి ఆ పేరొచ్చిందని. నవ్వుకోవడానికి రెండూ బాగానే ఉన్నాయి. కానీ దివాన్ వేరు, దివానా వేరు.

నేను చాలాకాలం పాత దస్తావేజులు చదివి మామూలు తెలుగులో రాసిపెట్టే పని చేశాను. సగం ఉర్దూ, సగం గొలుసుకట్టు తెలుగు. ఆ కాగితాల్లో ఈ మాట కనబడని రోజు ఉండేది కాదు, అందుకని కాస్త ఓపిగ్గా చెబుతాను.

అరబ్బీలోకి వచ్చినప్పుడు దివాన్‌కి మొదటి అర్థం మనిషి కాదు, గది కాదు, ఆసనం అసలే కాదు. పద్దు పుస్తకం. 7వ శతాబ్దంలో రెండో ఖలీఫా ఉమర్ సైనికుల పేర్లు, వాళ్ళకిచ్చే భత్యాలు వరసగా రాయించాడు. ఆ జాబితాని దీవాన్ అన్నారు. అందులో పేరుంటే డబ్బొస్తుంది, లేకపోతే లేదు. మాట ఇరానీయులది, పద్ధతీ వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. ఇరాకులో లెక్కలు పారసీకంలోనే, సిరియాలో గ్రీకులోనే చాన్నాళ్ళు నడిచాయి. ఆ శతాబ్దం చివర్లో ఖలీఫా అబ్దుల్ మాలిక్ అన్నిటినీ అరబ్బీలోకి మార్పించాడు. పుస్తకం పేరు పుస్తకం ఉండే గదికొచ్చింది, గది పేరు శాఖకొచ్చింది. సైన్యపు దీవాన్, శిస్తు దీవాన్, ఉత్తరాల దీవాన్. మన "సెక్షన్" లాగా అనుకోండి.

కవిత్వం సంగతి కొందరు తలకిందులుగా చెబుతారు, కవితా సంపుటి ముందు, ఆఫీసు తర్వాత అన్నట్టు. దీవాన్ తెరిచి చూడండి, విషయం మీకే తెలుస్తుంది. గజళ్ళు రాసిన ఏడాదిని బట్టి ఉండవు, విషయాన్ని బట్టీ ఉండవు. ప్రతి ద్విపద చివర వచ్చే అక్షరం ఏదో దాన్ని బట్టి ఉంటాయి. 'అలిఫ్'తో ముగిసేవన్నీ ముందు, తర్వాత 'బే', అలా 'యే' దాకా. కవి పదహారో ఏట రాసిందీ అరవయ్యో ఏట రాసిందీ పక్కపక్కన కూర్చుంటాయి. అది భావకుడు సర్దిన పద్ధతి కాదు, రికార్డు గుమాస్తా సర్దిన పద్ధతి. 1841లో అచ్చయిన గాలిబ్ ఉర్దూ దీవాన్ కూడా ఆ సంప్రదాయంలోదే. "కవిత్వం అరబ్బుల దీవాన్" అని అరబ్బీలో నానుడి. వంశాలు, యుద్ధాలు, పగలు, పంతాలు అన్నీ నమోదై ఉన్న రిజిస్టరు అని దాని భావం. అక్కడ దీవాన్‌ని "కవితా సంపుటి" అని అనువదిస్తే నానుడే చచ్చిపోతుంది.

ఇక మీ మంచం. ఆటమన్ తుర్కుల కాలంలో మంత్రిమండలి పేరు దీవాన్. ఇస్తాంబుల్‌లో తోప్‌కాపీ కోటలో గుమ్మటం ఉన్న ఒక గదిలో అది సమావేశమయ్యేది. కుర్చీల్లేవు. గోడవారగా పొడుగ్గా బల్లలు, వాటిమీద పరుపులు, దిండ్లు. వజీర్లు వాటిమీద కూర్చునే కాగితాలు చూసేవారు. పైన జాలీ కిటికీ వెనక సుల్తాను ఉన్నాడో లేడో కింద ఉన్నవాళ్ళకి తెలియదు, అందుకని ఎప్పుడూ ఉన్నట్టే మాట్లాడేవారు. ఈ గదుల్ని చూసిన ఐరోపా వాళ్ళకి రాజకీయం కన్నా పరుపు బాగా గుర్తుండిపోయినట్టుంది. 18వ శతాబ్దం వచ్చేసరికి ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల్లో ఆ ఆసనమే దివాన్. రష్యన్‌లో ఈనాటికీ సోఫాని దివాన్ అంటారు, హంగేరియన్‌లో దీవాన్య్. మీ సైటుకి వచ్చిన మాట మొగలు దర్బారు నించి వచ్చింది కాదు. ఇంగ్లీషు కేటలాగు నించి వచ్చింది. అంటే ఇంటికి రెండోసారి వచ్చింది, ఈసారి వెనక గుమ్మంలోంచి.

మొదటిసారి ముందు గుమ్మంలోంచే వచ్చింది. మొగలు సుబాలో, అంటే రాష్ట్రంలో, ఇద్దరు పెద్దలు. సుబేదారు చేతిలో సైన్యం, శాంతిభద్రతలు. దివాను చేతిలో శిస్తు, ఖజానా. ఒకరికొకరు పగ్గం. 1765లో చక్రవర్తి షా ఆలం ఈస్టిండియా కంపెనీకి బెంగాల్, బిహార్, ఒరిస్సాల "దివానీ" ఇచ్చాడని చదువుతాం కదా, అది ఈ శిస్తు వసూలు అధికారమే. డబ్బు, భూమి తగాదాలు కూడా దివాను కిందివే కాబట్టి 1772లో వారన్ హేస్టింగ్స్ జిల్లాల్లో పెట్టిన కోర్టుల్లో ఆస్తి తగాదాలవి దివానీ అదాలత్‌లు, నేరాలవి ఫౌజుదారీ అదాలత్‌లు అయ్యాయి. హిందీలో ఆ జంట ఇంకా బతికే ఉంది. మన దగ్గర సివిలూ క్రిమినలూ వచ్చి రెండిటినీ తోసేశాయి.

సంస్థానాల్లో దివాను అంటే శిస్తు ఒక్కటే కాదు, మొత్తం ప్రధానమంత్రిత్వమే. హైదరాబాదులో మొదటి సాలార్ జంగ్ 1853 నించి 1883 దాకా దివాను. ఆ వంశంవారి భవనం పేరే దివాన్ దేవిడీ. మైసూరులో విశ్వేశ్వరయ్యగారు 1912 నించి 1918 దాకా. తర్వాత ఇంగ్లీషువాళ్ళు దివాన్ బహద్దూర్ అని ఉత్త బిరుదు కూడా పంచిపెట్టారు. దాని వెనక ఖజానా లేదు, పద్దు పుస్తకం అంతకన్నా లేదు.

దివానాకి వద్దాం. ఇది 'దీవ్' పట్టినవాడు. పారసీకంలో దీవ్ అంటే భూతం. దాని పాత రూపం పార్సీల పవిత్ర గ్రంథం అవెస్తాలో 'దయేవ'. ఏ మాటకి చుట్టమో చెప్పక్కర్లేదు, మన 'దేవ'. అటు జరథుష్ట్ర మతంలో దయేవలు చెడ్డవాళ్ళయ్యారు, ఇటు మనకి దేవతలే. అందుకని దివానాగాడు పిచ్చోడే అయినా వాడి చుట్టరికం దేవుడితో. దివానుగారి చుట్టరికం మాత్రం 'లిపి'తో. ఇది చాలామంది నమ్మరు గానీ పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకునేది ఇదే. పాత పారసీకంలో 'దిపి' అంటే రాత, శాసనం. దిపి ఉండే ఇల్లు దివాన్. ఆ దిపే ఇక్కడికొచ్చి లిపి అయింది.

సూత్రవృత్తి:

దివాన్ వేరు, దివానా వేరు అన్నంతవరకూ ఒప్పుకుంటాను, లిపి దగ్గర ఒప్పుకోను. లిపికి సంస్కృతంలో చక్కగా ధాతువుంది: లిప్, పూయడం. లేపనం, లిప్తం, విలేపనం అన్నీ దాన్నించే. ఆకు మీద మసి పూస్తే కదా అక్షరం కనబడేది! పాణిని సూత్రంలోనే లిపికరుడు ఉన్నాడు. సొంత ఇంట్లో ధాతువు పెట్టుకుని పక్కింటికి వెళ్ళడం ఎందుకు? ఈమధ్య ప్రతి మాటా బయటినించే వచ్చిందనడం ఒక వేడుకైపోయింది.

పాతదస్త్రం:

సూత్రవృత్తిగారూ, మీరు చెప్పిన ఆ సూత్రమే (3.2.21) ఇంకోసారి చూడండి. అందులో 'లిపి' పక్కనే 'లిబి' కూడా ఉంది. ఒకే అర్థం, రెండు రూపాలు. లిప్ ధాతువు నించి నేరుగా పుట్టిన మాటైతే ఆ 'బ' ఎక్కడిది? సొంత మాట ఇలా తడబడదు. విని రాసుకున్న మాట తడబడుతుంది.

అంతకన్నా గట్టి సాక్ష్యం రాతి మీదే ఉంది. అశోకుడి శాసనాలు దేశమంతా ఒకే మాట చెబుతాయి, చోటుని బట్టి ఉచ్చారణ మారుతుంది. చాలాచోట్ల 'ధంమలిపి' అని ఉన్న మాట, వాయవ్యాన గాంధారంలోని షాబాజ్‌గఢీలో, కుడి నించి ఎడమకి రాసే ఖరోష్ఠి లిపిలో చెక్కినప్పుడు 'ధ్రమదిపి'. గాంధారం అంతకుముందు పారసీక చక్రవర్తుల ఏలుబడిలో ఉన్న నేల. ఆ చక్రవర్తుల్లో ఒకడైన దారయవౌషుడు (డారియస్) క్రీ.పూ. 6వ శతాబ్దం చివర బేహిస్తూన్ కొండ మీద చెక్కించిన శాసనంలో తన రాతని తానే 'దిపి' అంటాడు. ఇంకో సంగతి: మిగతా శాసనాల్లో 'లిఖిత' అని ఉన్నచోట షాబాజ్‌గఢీ లేఖకుడు 'నిపిస్త' అని వాడాడు. అది పచ్చి పారసీకం, 'రాయబడినది' అని. ఆ ధాతువే తర్వాత 'నవిష్తన్', దాన్నించే 'నవీస్', రాసేవాడు. ఫర్దు, అంటే జాబితా కాగితం, రాసే ఫర్ద్‌నవీసే మరాఠీలో ఫడ్నవీస్. నానా ఫడ్నవీసు పేరులో ఉన్నదీ, షాబాజ్‌గఢీ బండ మీద ఉన్నదీ ఒకటే మాట.

కర్ణాటకలో బ్రహ్మగిరి శాసనం చివర చెక్కినవాడు తన పేరు చెప్పుకున్నాడు. చపడుడు రాశాడు అని. శాసనమంతా బ్రాహ్మిలో ఉంటుంది. ఒక్క 'లిపికరేణ' అన్న మాట మాత్రం ఖరోష్ఠిలో, కుడి నించి ఎడమకి చెక్కాడు. ఎందుకో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఉద్యోగం పేరు చెప్పేటప్పుడు చెయ్యి అలవాటైన రాతలోకి వెళ్ళిపోయిందని నా అభిప్రాయం.

లిప్ ధాతువు ఉత్తదని నేననను. 'దిపి'లో ద ఇక్కడ ల అవడానికి ఆ ధాతువు పక్కనే ఉండటం సాయం చేసే ఉంటుంది. కొత్తగా వచ్చిన మాటకి జనం తెలిసిన మాట తొడుగు తొడుగుతారు.

ఇంకా వెనక్కి వెళితే ఆ దిపి కూడా ఇరాన్ సొత్తు కాదు. ప్రాచీన ఇరాన్ భాష ఈలమైట్‌లో 'తుప్పి', ప్రాచీన ఇరాకు భాషలు అక్కాడియన్‌లో 'టుప్పు', సుమేరియన్‌లో 'దుబ్', మట్టి పలక. సుమేరియన్ బడి పేరు 'ఎ-దుబ్బా', పలకల ఇల్లు. దివాన్ కూడా రాతల ఇల్లే.

సూత్రవృత్తి:

షాబాజ్‌గఢీ పాఠం తీసి చూశాను. మరి అక్కడి ప్రాకృతంలో ల అన్నది ద అయిందని ఎందుకనకూడదు?

పాతదస్త్రం:

అలా అయితే అక్కడి మిగతా ల-కారాలు కూడా పోవాలి కదండీ. ఐదో శాసనంలో 'కల్యాణం' అక్కడ 'కలణం'. ల చెక్కుచెదరలేదు. ఒక్క లిపి దగ్గరే ద కనబడుతోందంటే అది మారింది కాదు, మారకుండా మిగిలింది.

రేవుగాలి:

సరుకు ఓడల మీద పనిచేస్తాను. మీరంతా రాళ్ళ దగ్గరున్నారు గానీ నాకు ఈ మాట నీళ్ళ పక్కన కనబడుతుంది. స్పెయిన్ రేవుల్లో కస్టమ్స్ ఆఫీసు 'అదువానా', ఇటలీలో 'దొగానా', ఫ్రెంచివాళ్ళ కస్టమ్స్ యూనిఫాం మీద 'దువాన్' అని ఉంటుంది. మూడూ ఇదే మాట అని ఒక ఇటాలియన్ ఏజెంటు చెప్పాడు, అప్పుడు నమ్మలేదు. ఇండోనేషియాలో పార్లమెంటు పేరులో 'దేవన్', మలేషియాలో 'దేవన్ రాక్యత్'. మొదట్లో నేను దేవుడికి సంబంధించింది అనుకున్నా. తూర్పు ఆఫ్రికా రేవుల్లో స్వాహిలీ మాట్లాడేవాళ్ళకి వార్డు కౌన్సిలరు 'దివానీ'. కువైట్‌లో సాయంత్రం మగవాళ్ళు చేరి కబుర్లు చెప్పుకునే హాలు 'దివానియా', ఓడ ఏజెంటు పని కాగితాల మీద కన్నా అక్కడే ఎక్కువ అవుతుంది.

పాతదస్త్రం:

మీ ఏజెంటు సరిగ్గానే చెప్పాడు. అరబ్బీ రేవుల్లో వచ్చే సరుకు ఒక పుస్తకంలో ఎక్కించి సుంకం కట్టించుకునేవారు, ఆ పుస్తకమున్న చోటు దీవాన్. మధ్యధరా వర్తకులు దాన్నే పట్టుకుపోయారు. స్పానిష్‌ 'అదువానా' మొదట్లో ఉన్న 'అ' అరబ్బీ 'అల్' తాలూకు ముక్క. చూశారా, కవిత్వం, మంచం, కౌన్సిలరు ఎంత దూరం పోయినా రేవులో మాత్రం పద్దు పుస్తకం పద్దు పుస్తకంలాగే ఉండిపోయింది.

మంచంకోడు:

అమ్మయ్య, మంచం గొడవ తేలింది. ఇంకో రెండు. దివాలా తీయడం కూడా ఇందులోదేనా? శిస్తు వ్యవహారం కాబట్టి అనుమానమొచ్చింది. రెండోది, కథల్లో దివాణం అని వచ్చినప్పుడు అది ఇల్లో, ఆఫీసో, జమీందారో ఎలా పోల్చుకోవడం? నాకు ఒక్కో పేజీలో ఒక్కోలా ఉంది. ఆ 'ణ' ఎక్కడిదో కూడా.

పాతదస్త్రం:

దివాలా ఇందులోది కాదు. హిందీలో 'దీవా' అంటే దీపం, దివాలీ అక్కడిదే, మన దివ్వె కూడా ఆ ఇంటిదే. అప్పు తీర్చలేని వర్తకుడు పట్టపగలు కొట్లో దీపం వెలిగించి ఇక నా వల్ల కాదని చెప్పుకునేవాడని, అందుకే దివాలా అన్నారని నిఘంటువులు ఇచ్చే వివరణ. "దివాణం దివాలా తీసింది" అని మీరెక్కడైనా చదివితే అక్కడున్నది ప్రాస మాత్రమే.

ణ మనకొక్కరికే కాదు, మరాఠీలోనూ ఉంది. వాళ్ళ ముందుగది 'దివాణఖానా'. ఇలా కచేరీల్లోంచి తెలుగులో కలిసిన మాటలు ఎన్నున్నాయంటే, బ్రౌన్ దొర తన పెద్ద నిఘంటువు చాలక 1854లో వాటికని వేరే నిఘంటువే వేశాడు. పాత కాగితాలు చదివేవాళ్ళకి నేను మొదట చెప్పేది అదే.

దివాణం ఏమిటో పోల్చుకోవడానికి పక్కనున్న క్రియ చూడండి. నా పనిలో నేను చేసింది ఇదే. "దివాణానికి కట్టాడు" అంటే ఖజానా. "దివాణానికి వెళ్ళాడు" అంటే కచేరీ గానీ బంగళా గానీ, చాలాచోట్ల రెండూ ఒకే కాంపౌండు కాబట్టి తేడా పట్టించుకోనక్కర్లేదు. "దివాణంవారు సెలవిచ్చారు" అంటే సాక్షాత్తూ జమీందారుగారే, పేరు చెప్పడం మర్యాద కాదని అలా రాస్తారు. "దివాణం జప్తు చేసింది" దగ్గర మాత్రం జాగ్రత్త. అది జమీందారు చేశాడా, సర్కారు చేసిందా అన్నది కాగితం మీద సంవత్సరం చూస్తే తప్ప తెలియదు.